బెలా వందేళ్లు నిలిచింది, టే పంతొమ్మిది నెలలకే కూలింది: గీసింది మాత్రం ఒక్కడే

వంతెనల పిచ్చోడు

పోయిన వారం హేవలాక్ వంతెన థ్రెడ్‌లో స్కాట్లండ్‌లోని టే నది వంతెన మాట వచ్చి సగంలో ఆగిపోయింది. అక్కడ పక్కదారి పట్టించడం ఇష్టం లేక వేరే థ్రెడ్ పెడుతున్నా.

థామస్ బౌచ్ అని ఒక ఇంగ్లిష్ ఇంజనీరు. 1822లో కంబర్లాండ్‌లో పుట్టాడు. తక్కువ ఖర్చులో రైలు మార్గం వేసి పెడతాడని పేరు, అందుకే డబ్బు తక్కువున్న కంపెనీలన్నీ ఆయన దగ్గరికే వెళ్లేవి. తెలివి లేనివాడేం కాదు. స్కాట్లండ్‌లో ఫోర్త్ నది ముఖద్వారం మీద వంతెన కట్టే స్తోమత ఇంకా ఎవరికీ లేని 1850లోనే, గూడ్స్ పెట్టెల్ని పట్టాల మీద నుంచి నేరుగా ఓడలోకి ఎక్కించి అవతలి ఒడ్డుకు చేర్చే ఏర్పాటు చేసిన మనిషి.

ఈయన కట్టించిన ఇనుప వయాడక్ట్ (లోయ మీద స్తంభాల వంతెన) ఒకటి ఇంగ్లండ్ ఉత్తరాన స్టెయిన్‌మోర్ కొండల్లో ఉండేది. పేరు బెలా. డర్హమ్ వైపు కోక్ బొగ్గు పడమటి కొలుములకు వెళ్లాలి, అటు నుంచి ఇనుప ఖనిజం ఇటు రావాలి. మధ్యలో 1,370 అడుగుల ఎత్తు కనుమ, దాని పక్కనే లోతైన లోయలు. బెలా లోయ మీద 1857 నవంబరులో శంకుస్థాపన చేసి 1860కి పూర్తి చేశారు. పొడవు 1,040 అడుగులు, ఎత్తు 196 అడుగులు, 60 అడుగుల స్పాన్లు (స్తంభానికీ స్తంభానికీ మధ్య భాగాలు) 16. ఇనుప పని ఎత్తి బిగించడం 43 రోజుల్లో అయిపోయిందని రాస్తారు. ఖర్చు 31,630 పౌండ్లు. వందేళ్లు బొగ్గు బళ్లు మోసింది. 1962లో లైను మూసేశారు, మరుసటి ఏడు విప్పి తుక్కు కింద అమ్మేశారు. కూలలేదు, కూల్చారు.

రెండోది స్కాట్లండ్‌లో డండీ దగ్గర టే వంతెన. దాదాపు రెండు మైళ్లు, 85 స్పాన్లు. 1878 జూన్ 1న ప్రయాణికుల రైళ్లు మొదలు. 1879 జూన్‌లో విక్టోరియా రాణి దాని మీదుగా వెళ్లి, అదే నెలలో బౌచ్‌కి సర్ బిరుదు ఇచ్చింది. అదే ఏడు డిసెంబరు 28 ఆదివారం రాత్రి తుఫానులో మధ్య భాగం మొత్తం రైలుతో సహా నీళ్లలో పడింది. ఎక్కినవాళ్లు ఒక్కరూ మిగల్లేదు.

రెండింటికీ ఇంజనీరు ఒకడే. ఇనుప పని చేసింది కూడా ఇంచుమించు ఒకే కంపెనీ: బెలాకి గిల్క్స్ విల్సన్, టేకి దాని వారసుడు హాప్కిన్స్ గిల్క్స్, రెండూ మిడిల్స్‌బ్రో వాళ్లే. రెండింట్లోనూ పోత ఇనుము స్తంభాలు, వాటి మధ్య చేత ఇనుము (కొట్టి సాగదీసిన ఇనుము) పట్టీలు. "గాలికి పడిపోయింది" అనేస్తే సరిపోదు. స్టెయిన్‌మోర్ మీద గాలి తక్కువా? అక్కడ శీతాకాలంలో రైళ్లు మంచులో కూరుకుపోయేవి.

మరి తేడా ఎక్కడుంది? తెలిసినవాళ్లు చెప్పండి.


బెజవాడ బుల్లోడు

సింపుల్ బ్రో. ఇంజిన్ బరువు ఎక్కువైంది. అప్పటి వంతెనలన్నీ చిన్న ఇంజిన్లకి కట్టినవే కదా.


స్ట్రక్చర్స్ లలిత

కాదండీ. బరువు విషయంలో టే వంతెనకి ఏ దోషమూ లేదు. తెరవక ముందు ప్రభుత్వం తరఫున మేజర్ జనరల్ హచిన్సన్ వచ్చి, వరసగా ఇంజిన్లు నిలబెట్టి, పరిగెత్తించి పరీక్ష చేశాడు. నిలువు బరువుకు గర్డర్లు (స్తంభాల మీద అడ్డంగా ఉండే ఇనుప దూలాలు) బాగానే తట్టుకున్నాయి. ఆయన రిపోర్టులో ఒక వాక్యం మాత్రం ఇప్పుడు చదివితే ఒళ్లు జలదరిస్తుంది: గట్టి గాలి వీచేటప్పుడు రైలు వెళ్తుంటే ఎలా ఉంటుందో చూసే అవకాశం దొరికితే బాగుండేది అని అర్థం వచ్చేలా రాశాడు. వేగం గంటకు 25 మైళ్లు దాటకూడదని కూడా చెప్పాడు. తర్వాత వంతెన తెరిచారు.

గాలి నిలువుగా నొక్కదు, పక్క నుంచి తోస్తుంది. వంతెనల పిచ్చోడు గారు అడిగిన తేడాకి నేను చెప్పే మొదటి జవాబు ఆకారం.

పొలంలో మంచె చూసి ఉంటారు. దాని కాళ్లు నిటారుగా పాతరు, బయటికి పరిచి పాతుతారు. గాలి పక్క నుంచి తోస్తే బోర్లా పడకుండా కాపాడేది ఆ పరుపే. బెలా స్తంభాలు అలాంటివి. ఒక్కో దాంట్లో ఆరు బోలు గొట్టాలు, పైన దగ్గరగా మొదలై కిందకి వచ్చేకొద్దీ బాగా విడిపోయి కొండ రాతి మీద దిగుతాయి. టే స్తంభాల్లోనూ ఆరు గొట్టాలే. కానీ అంచున ఉన్న రెండే కొంచెం వాలుగా ఉన్నాయి, మిగతా నాలుగూ నిటారు. కింద నదిలో కట్టిన దిమ్మ ఎంత వెడల్పో అంతలోనే ఇరుక్కోవాలి మరి.

రెండో సంగతి స్పాన్. బెలాలో 60 అడుగులు, గర్డర్ లోతు తక్కువ. టేలో ఓడలు వెళ్లడానికి మధ్యలో 13 స్పాన్లు ఎత్తులో పెట్టారు. వాటిలో 11 స్పాన్లు 245 అడుగులవి, రెండు 227 అడుగులవి. మిగతా చోట్ల రైలు గర్డర్ల పైన పోతుంది, ఈ పదమూడింట్లో మాత్రం గర్డర్ల లోపలి నుంచి, గూట్లోంచి పోయినట్టు పోతుంది. అంటే గాలికి అడ్డంగా నిలిచే గోడ పెద్దది, అదీ స్తంభాల నెత్తి మీద. పడిపోయింది సరిగ్గా ఈ పదమూడే.


బెజవాడ బుల్లోడు

ఓకే మేడమ్, ఒప్పుకున్నా. ఇంజిన్ పాపం ఏం చేయలేదు.


డండీలో తెలుగోడు

ఇక్కడ ఎనిమిదేళ్లుగా ఉంటున్నా, రోజూ ఆఫీసుకి వెళ్తూ ఆ నది పక్కనే నడుస్తా. చాలామందికి తెలియని విషయం: పాత వంతెన దిమ్మలు ఇంకా ఉన్నాయి. ఇప్పటి వంతెన పక్కనే, దాని వరసకి సమాంతరంగా, నీళ్లలో మొండి పళ్లలా ఒకటి వెనక ఒకటి. కొత్త వంతెన మీద రైల్లో వస్తూ కిటికీలోంచి చూస్తే రెండు నిమిషాలపాటు పక్కనే వస్తుంటాయి. మొదటిసారి చూసినప్పుడు ఏదో సగంలో ఆపేసిన ప్రాజెక్టు అనుకున్నా.

ఒడ్డున గ్రానైట్ పలకల మీద పేర్లు చెక్కి పెట్టారు, 2013 డిసెంబరు 28న ఆవిష్కరించారు. 59 పేర్లు. అప్పట్లో టికెట్ల లెక్క వేసి 75 మంది అన్నారు కానీ, పేర్లతో తేలింది ఇంతే. వయసులు చదువుకుంటూ పోతే ఒక పట్టాన కదలబుద్ధి కాదు.

ఆ రాత్రి సంగతి ఒకటి చెప్తా. సింగిల్ లైను కాబట్టి దక్షిణ ఒడ్డు క్యాబిన్ దగ్గర సిగ్నల్‌మ్యాన్ డ్రైవరుకి వంతెన ఎక్కొచ్చన్న గుర్తుగా బ్యాటన్ అందించాడు, టైము 7:13. రైలు వంతెన ఎక్కాక దూరంగా చక్రాల దగ్గర నిప్పురవ్వలు లేచాయి, తర్వాత ఒక్కసారిగా మెరుపు, తర్వాత చీకటి. అవతలి ఒడ్డుకు టెలిగ్రాఫ్ కొడితే పలకలేదు, తీగ తెగిపోయింది. డండీ వైపు నుంచి స్టేషన్ మాస్టరు, లోకో ఫోర్‌మన్ రాబర్ట్స్ ఇద్దరూ వంతెన మీదకి బయల్దేరారు. గాలికి నిలబడలేక స్టేషన్ మాస్టరు మధ్యలో ఆగిపోయాడు. రాబర్ట్స్ పట్టాలు పట్టుకుని పాకుతూ పోయాడు. చివరికి ఆయనకి ముందు కనిపించింది ధారగా పడుతున్న నీళ్లు. వంతెన మీదుగా అవతలి ఊరికి వేసిన మంచినీళ్ల గొట్టం తెగి కారుతోంది. దాని తర్వాత వంతెన లేదు.


గోదావరి గట్టు

చదువుతుంటే ధనుష్కోడి గుర్తొచ్చింది. అదీ డిసెంబరే, 1964. పాంబన్ దాటిన ప్యాసింజరు రైలు ఉప్పెనలో పోయింది. అది గాలి కంటే నీళ్ల పని అనుకోండి.


రిటైర్డ్ పీడబ్ల్యూఐ

లలిత గారు చెప్పింది సబబు. కానీ ఆకారం ఒక్కటే అయితే వంతెన మొదటి శీతాకాలంలోనే పోవాలి. ఒక శీతాకాలం దాటింది కదా. నేను పీడబ్ల్యూఐని, అంటే రైలు పట్టాల ఇన్‌స్పెక్టరుని; 34 ఏళ్లు పట్టాల మీదే బతికాను, అందులో గర్డర్ వంతెనలున్న సెక్షన్లు మూడు. నాకు తోచింది చెప్తాను.

టే వంతెనకి ఇన్‌స్పెక్టరు ఒకాయన ఉండేవాడు, హెన్రీ నోబుల్. మంచి మనిషి, పనిదొంగ కాదు. కాకపోతే చేతి వృత్తి తాపీ పని. నది అడుగున దిమ్మల చుట్టూ మట్టి కోసుకుపోతోందేమో చూడడం ఆయన అసలు డ్యూటీ. పడవలో తిరుగుతుంటే ఒకరోజు స్తంభాల పట్టీలు గలగలమని చప్పుడు చేయడం విన్నాడు. అంటే పట్టీకి, చీలకి మధ్య సందు పడింది. ఆయన ఏం చేశాడు? డండీ వెళ్లి ఇనప ముక్కలు కొనుక్కొచ్చి ఆ సందుల్లో దూర్చి కొట్టాడు. వందకి పైగా చోట్ల. చప్పుడు ఆగిపోయింది. పట్టీలు వదులయ్యాయన్న మాట బౌచ్‌కి చెప్పలేదు.

ఇది చదివి నవ్వకండి. కొత్తలో నేనూ ఇంచుమించు అదే పని చేశాను. ఒక చిన్న వంతెన మీద బేరింగ్ దగ్గర టకటక మంటుంటే రేకు ముక్క దూర్పించి, శబ్దం పోయింది కదా అని సంతోషపడ్డాను. మా పై ఆఫీసరు ట్రాలీ దిగి వచ్చి ఆ రేకు చూసి, "ఏమయ్యా, జ్వరం వచ్చినోడికి థర్మామీటర్ పగలగొట్టినట్టుంది నీ పని" అన్నాడు. తర్వాత పక్కన కూర్చోబెట్టి నేర్పాడు. రివెట్ చూడాలంటే ఒక వైపు తలకాయ మీద వేలు ఆనించి, రెండో వైపు చిన్న సుత్తితో తట్టాలి. బిగువుగా ఉంటే వేలికి ఏమీ తెలీదు, సుత్తి ఖంగుమంటుంది. వదులైతే వేలి కింద చిన్న అదురు వస్తుంది, చప్పుడు మొద్దుగా ఉంటుంది. రివెట్ చుట్టూ ఎర్రటి తుప్పు పొడి గీతలా కారి ఉంటే మరీ అనుమానించాలి. ఆ పొడి ఊరికే రాదు, రెండు ఇనుములు రాసుకుంటేనే వస్తుంది.

నోబుల్‌కి అలా కూర్చోబెట్టి చెప్పినవాడు లేడు. వందకి పైగా పట్టీలు వదులయ్యాయంటే అది మరమ్మతు కాదు, కబురు. ఆ కబురు పైకి వెళ్లలేదు.


వంతెనల పిచ్చోడు

మాస్టారూ, దండం. ఈ వేలు, సుత్తి సంగతి ఏ పుస్తకంలోనూ చదవలేదు.

మరి ఆ పట్టీలు అంత తొందరగా ఎందుకు వదులయ్యాయి? బెలాలో ఎందుకు అవలేదు?


ఫౌండ్రీ సుబ్బు

దీనికి నేను చెప్పాలి. బాలానగర్‌లో పోత పని, ఇరవై రెండేళ్ల సర్వీసు.

స్తంభం అంటే ఒకే గొట్టం కాదు. పది, పదకొండు అడుగుల ముక్కలు ఏడు, ఒకదాని మీద ఒకటి పెట్టి ఫ్లాంజ్ (గొట్టం చివరి వెడల్పు అంచు) దగ్గర బోల్టులు. ప్రతి ముక్కకి పక్కన చెవులు ఉంటాయి, గొట్టంతో పాటే పోసినవి. ఆ చెవిలో బోల్టు, ఆ బోల్టుకి పట్టీ. ఒక స్తంభం నుంచి ఇంకో స్తంభానికి అడ్డంగా ఇంటూ గుర్తులా వెళ్లేవి ఆ పట్టీలే. గాలి తోపంతా ఆ పట్టీల్లోకి, అక్కడి నుంచి చెవుల్లోకి వస్తుంది. అంటే రెండు మైళ్ల వంతెన ప్రాణం ఆ అరచేతంత చెవుల్లో ఉంది.

ఇప్పుడు వినండి. చెవికి బోల్టు కన్నం కావాలి. రెండు పద్ధతులు. గట్టిగా పోసి, చల్లారాక డ్రిల్లు వేయొచ్చు. లేదా మౌల్డులోనే కోరు, అంటే కన్నం ఆకారం ఇచ్చే ముక్క, పెట్టి కన్నంతో సహా పోసేయొచ్చు. రెండోది చవక. కానీ కోరు ఇసకలోంచి బయటికి రావాలంటే కొంచెం వాలు ఇవ్వాలి, కాబట్టి కన్నం ఒక వైపు పెద్దది, ఒక వైపు చిన్నది అవుతుంది, గరాటులాగా. టే వాళ్లు డ్రిల్లు వేయకుండా అలాగే వదిలేశారు. సమంగా ఉన్న బోల్టు గరాటు కన్నంలో ఎక్కడ ఆనుతుంది? ఒక్క అంచు మీదే. గాలి ఊపినప్పుడల్లా ఆ అంచు కొంచెం కొంచెం నలుగుతుంది. సందు పెరుగుతుంది. గలగల. పీడబ్ల్యూఐ గారు చెప్పిన చప్పుడు అదే.

పైగా పోత ఇనుము నొక్కితే ఏనుగంత బలం, లాగితే అప్పడం. చెవి మీద పడేది లాగుడు.


స్ట్రక్చర్స్ లలిత

సుబ్బు గారూ, అద్భుతంగా చెప్పారు. దీనికి అంకెలు కూడా ఉన్నాయి. కూలాక ఆ చెవుల్ని లండన్ తీసుకెళ్లి డేవిడ్ కిర్కాల్డీ అనే ఆయన యంత్రం మీద లాగి చూశాడు. లెక్క ప్రకారం 60 టన్నుల దాకా ఆగాల్సినవి, ఇరవై, పాతిక టన్నులకే తెగిపోయాయి.

బెలాలో స్తంభాల ముక్కల్ని లేతు మీద తిప్పి, అంచులు చదును చేసి, ఒకదాంట్లో ఒకటి కచ్చితంగా కూర్చునేలా చేశారు. అక్కడ కొండ మీద నిలబడి ఉలితో చెక్కుకునే పని లేకుండా ఫ్యాక్టరీలోనే అమర్చి పంపారు. 43 రోజుల్లో ఎత్తగలిగారంటే కారణం అదే అని నా నమ్మకం.


ఫౌండ్రీ సుబ్బు

ఇంకోటి మర్చిపోయా, అసలు మసాలా ఇదే. టే స్తంభాలు పోయడానికి దక్షిణ ఒడ్డున వార్మిట్‌లో ఒక ఫౌండ్రీ పెట్టారు. పోతలో గాలి బుడగలు ఉండిపోతే చల్లారాక గుంటలు కనిపిస్తాయి. మంచి మేస్త్రీ అయితే ఆ ముక్క పగలగొట్టి మళ్లీ కరిగిస్తాడు. వీళ్లు ఏం చేశారంటే తేనె మైనం, ఫిడేలు వాయించేవాళ్లు వాడే రోజనం, ఇనప రజను, దీపం మసి కలిపి ముద్ద చేసి, గుంటలో కూరి, రాయితో రుద్దేశారు. చూడ్డానికి నల్లగా నున్నగా ఇనుములాగే ఉంటుంది. దానికో ముద్దు పేరు కూడా పెట్టుకున్నారు: "బోమాంట్ గుడ్డు".

చెవి విరిగితే ఇంకో పని. విరిగిన చోట మళ్లీ మౌల్డు కట్టి కరిగిన ఇనుము పోసి అతికించేవారు. పాత ఇనుము, కొత్త ఇనుము నిజంగా కలవవు. అతుకు అతుకే.

మా దగ్గర లేదా అంటే ఉంది. నేను మొదట పనిచేసిన ఒక షాపులో మెటల్ పుట్టీ డబ్బా ఎప్పుడూ బల్ల కింద ఉండేది. పంపు బాడీ మీద చిన్న చిన్న గుంటలకి అది పూసి పైన పెయింట్ కొట్టేవాళ్లు. పంపు కారితే కస్టమరు తిడతాడు, అంతే. వంతెన కారదు కదా.


బెజవాడ బుల్లోడు

తేనె మైనంతో రైలు వంతెన. బౌచ్‌కి ఇది తెలుసా?


వంతెనల పిచ్చోడు

తెలిసినట్టు లేదు. విచారణలో తేలింది ఏమిటంటే వార్మిట్ ఫౌండ్రీ మీద బౌచ్ తరఫున గట్టి నిఘా లేదు. వచ్చిన పోత మంచిదా కాదా చూడాల్సినవాళ్లు కాంట్రాక్టరు మనుషులే. దొంగ చేతికే తాళం.


గోదావరి గట్టు

ఒక డౌటు. అంత నది మీద మొదటే రాతి స్తంభాలు కట్టి ఉంటే గొడవ లేదు కదా. మా హేవలాక్ చూడండి. 1897లో మొదలుపెట్టి 1900కి పూర్తి చేశారు, 56 స్పాన్లు, రాతి స్తంభాలు. 1997 దాకా రైళ్లు మోసింది. గోదావరి వరదలు ఎన్ని చూసిందో!


వంతెనల పిచ్చోడు

మంచి ప్రశ్న, కథ మలుపు తిరిగింది అక్కడే. మొదటి ప్లానులో స్తంభాలన్నీ ఇటుక కట్టడమే. నది అడుగున బోరు వేసి చూసినవాళ్లు అంతటా గట్టి రాయి ఉందన్నారు. పని మొదలై ఒడ్డు నుంచి కొంత దూరం వెళ్లాక తెలిసింది, వాళ్లకి తగిలింది రాయి కాదు, గులకరాళ్లు గట్టిపడిన పలుచని పొర. దాని కింద మెత్తటి నేల. బరువైన ఇటుక స్తంభాలు దాని మీద ఆగవు. అప్పుడు బౌచ్ స్తంభాలు తేలిక చేశాడు, ఇటుక తీసేసి ఇనుప గొట్టాలు. నదిలో పునాదులు తగ్గించడానికి పెద్ద స్పాన్లని 200 అడుగుల నుంచి 245కి పెంచాడు. మధ్యలో మొదటి కాంట్రాక్టరు జబ్బు చేసి చనిపోయాడు, పని హాప్కిన్స్ గిల్క్స్ చేతికి వచ్చింది.

అంటే బెలాలో ఇనుము మొదటి నుంచీ ఎంచుకున్న పద్ధతి. టేలో అది దారి మూసుకుపోతే తొక్కిన పక్కదారి. నాకు ముఖ్యమైన తేడా ఇదే అనిపిస్తోంది. స్తంభం తేలికైంది, నెత్తి మీద బరువు, గాలి పెరిగాయి, మొదటి లెక్క మాత్రం మళ్లీ మొదటి నుంచి వేయలేదు.

ఇనుము తేలిక కాబట్టి ఎంచుకోవడం తప్పేం కాదు. ఇంగ్లండ్‌లో ఇల్‌కెస్టన్ దగ్గర బెనర్లీ వయాడక్ట్ ఉంది. కింద బొగ్గు గనులు, నేల కుంగుతుందని 1877లో చేత ఇనుముతో తేలికగా కట్టారు. 1,452 అడుగులు, 16 స్పాన్లు. ఇప్పటికీ ఉంది. 1968లో లైను మూసేశాక విప్పాలని చూశారు కానీ చేత ఇనుమును గ్యాస్ కట్టింగ్‌తో కోయడం కుదరదు, రివెట్ రివెట్ విప్పాలి, ఖర్చు తడిసి మోపెడని వదిలేశారు. 2022 నుంచి దాని మీద జనం నడుస్తున్నారు, సైకిళ్లు తొక్కుతున్నారు.


స్ట్రక్చర్స్ లలిత

లెక్క మళ్లీ వేయలేదు అన్నారు. గాలి లెక్క అసలు ఎప్పుడు వేశాడు?

విచారణలో బౌచ్‌ని అడిగితే, టే వంతెనకి గాలి కోసం ప్రత్యేకంగా ఏ లెక్కా వేయలేదని ఒప్పుకున్నాడు. ఫోర్త్ మీద తను కట్టబోయే వేలాడే వంతెన కోసం ఆస్థాన ఖగోళవేత్త ఎయిరీని సలహా అడిగితే, చదరపు అడుగుకి పది పౌండ్లు చాలు అన్నాడు. అది చాలా పొడవైన స్పాన్‌కి చెప్పిన మాట, గాలి అంత వెడల్పునా ఒకేసారి గట్టిగా తోయదు అనే ఊహ మీద. బౌచ్ దాన్ని తీసుకుని గాలి పెద్ద విషయం కాదని ధైర్యం తెచ్చుకున్నట్టుంది. అదే సమయంలో ఫ్రాన్సులో ఇంజనీర్లు 55 పౌండ్ల లెక్క మీద కడుతున్నారు.

క్లాసులో నేను పిల్లలకి ఇలా చెప్తాను. చదరపు అడుగుకి పది పౌండ్లంటే చదరపు మీటరుకి సుమారు 49 కిలోలు. 1881లో ప్రభుత్వం వేసిన కమిటీ ఇక మీద రైలు వంతెనలకి 56 పౌండ్లు పెట్టమంది, అంటే 273 కిలోలు. గుమ్మం తలుపంత రేకు పట్టుకుని మేడ మీద నిలబడండి. మొదటి లెక్కలో మీ మీద రెండు సిమెంటు బస్తాలు ఆనతాయి. రెండో లెక్కలో పది బస్తాలు.


బెజవాడ బుల్లోడు

ఇది అర్థమయింది. అంటే తప్పు బౌచ్‌ది, ఫౌండ్రీది, నోబుల్‌ది. ముగ్గురు.


రిటైర్డ్ పీడబ్ల్యూఐ

నోబుల్‌ని ఆ లెక్కలో కలపకు బాబూ. రైల్వేలో కింద ఉన్నవాడి మీద నెట్టేయడం అన్నిటికంటే తేలికైన పని. రైళ్లు నడిపినవాళ్లని ఎందుకు వదిలేశావు? హచిన్సన్ చెప్పిన 25 మైళ్లు ఎవరూ పాటించలేదు. డండీ మాజీ ప్రొవోస్ట్ (మేయరు లాంటి పదవి) ఒకాయన, తనూ ఇంజనీరే, రోజూ ఆ రైల్లో వచ్చేవాడు. వాచీ పట్టుకుని లెక్కేస్తే నలభై దాటుతోంది. పెట్టె ఎగిరెగిరి పడుతోంది. స్టేషన్ మాస్టరుకి చెప్పాడు, లాభం లేదు. డండీ దిక్కున వెళ్లే రైలు ఎక్కడమే మానేశాడు.


స్ట్రక్చర్స్ లలిత

విచారణ సంఘంలో ముగ్గురు: రోథరీ, కర్నల్ యోలండ్, బార్లో. 1880 జూన్‌లో వచ్చిన వాళ్ల మాట క్లుప్తంగా: డిజైను చెడ్డది, కట్టడం చెడ్డది, నిర్వహణ చెడ్డది. మూడింటికీ ప్రధాన బాధ్యత బౌచ్‌దే అని రోథరీ విడిగా తేల్చి చెప్పాడు. మిగతా ఇద్దరు అంత కటువుగా రాయలేదు. బౌచ్ మాత్రం చివరిదాకా ఒకటే మాట మీద ఉన్నాడు: గాలికి చివరి పెట్టెలు పట్టాలు తప్పి గర్డర్‌ని గుద్దాయి, అందుకే వంతెన పడింది, లేకపోతే నిలిచేది. సంఘం ఒప్పుకోలేదు. అక్టోబరు 30న చనిపోయాడు, రిపోర్టు వచ్చి నాలుగు నెలలే. ఫోర్త్ వంతెన పని అప్పటికే చేతుల్లోంచి పోయింది.

ఇప్పటి ఇంజనీర్లలోనూ రెండు వాదాలున్నాయి. చెవులు రోజూ ఊగి ఊగి అలసి పగుళ్లు పట్టాయని, ఆ రాత్రి గాలి చివరి దెబ్బ మాత్రమే అని ఒక వర్గం. లేదు, ఆ గాలికి ఆ ఆకారం ఎలాగూ పడిపోయేదే అని ఇంకో వర్గం. నేను మొదటి పోస్టులో రెండో వర్గంలా మాట్లాడాను. పీడబ్ల్యూఐ గారి చప్పుడు, సుబ్బు గారి గరాటు కన్నం విన్నాక కొంచెం మొదటి వైపు జరిగాను.


మోడరేటర్

ధనుష్కోడి మీద వచ్చిన మరో ఆరు పోస్టుల్ని వేరే థ్రెడ్‌కి మార్చాను. ఇక్కడ బెలా, టే మాత్రమే.


గోదావరి గట్టు

సారీ అండీ, నా వల్లే.

బెలా దగ్గర ఇప్పుడు ఏమైనా మిగిలిందా?


వంతెనల పిచ్చోడు

రెండు చివర్లా రాతి కట్టడాలు, పాడుబడ్డ సిగ్నల్ క్యాబిన్ గోడలు. మధ్యలో ఖాళీ లోయ. కట్టినప్పటి ఒక చిన్న పద్యం మాత్రం ఉంది, గిల్క్స్ విల్సన్ ఎనభై మంది మనుషులతో ఈ లోయ మీద దీన్ని లేపాడని, రాబోయే తరాలకు తెలియాలని. వంతెన పోయింది, పద్యం మిగిలింది.


బెజవాడ బుల్లోడు

టేలో పడిన ఆ ఇంజిన్ ఏమయింది? నా క్లయింటు అది. మొదటి నుంచీ నేనే దాని మీద కేసు పెట్టాను కాబట్టి అడుగుతున్నా.


డండీలో తెలుగోడు

హహహ. నీ క్లయింటు బతికింది. నంబరు 224. నది అడుగున గర్డర్ గూట్లో ఇరుక్కుని ఉంది, ఆ ఇనప చట్రమే దాన్ని కాపాడింది. పైకి తీస్తుంటే గొలుసులు తెగి రెండుసార్లు మళ్లీ మునిగింది. మూడోసారి వచ్చింది. బాగుచేసి మళ్లీ సర్వీసులో పెట్టారు, 1919 దాకా నడిచింది. రైల్వేవాళ్లు దానికి పెట్టిన పేరు "డైవర్", మునకలేసేవాడు అని.

పాత వంతెనలో కూలకుండా మిగిలిన గర్డర్లని కూడా పారేయలేదు. పక్కన కొత్త వంతెన కట్టినప్పుడు, 1887లో తెరిచారు అది, వాటిని తీసుకెళ్లి అందులో పెట్టారు. డిజైన్ చేసింది విచారణలో కూర్చున్న బార్లో, కట్టింది విలియం అరోల్. అంటే నేను ఎక్కే రైలు కింద బౌచ్ గర్డర్లు ఇంకా ఉన్నాయి. గాలి ఉన్న రోజు ఆ సంగతి గుర్తురాకుండా ఉంటే బాగుండు.


ఫౌండ్రీ సుబ్బు

గర్డర్లు చేత ఇనుము కదా తమ్ముడూ, వాటికేం ఢోకా లేదు. చెవులు ఉన్నాయేమో చూడు.


డండీలో తెలుగోడు

సుబ్బన్నా, ఆదివారం ఎండ కాస్తే కెమెరా తీసుకుని వెళ్తా. దిమ్మల ఫొటోలు ఇక్కడే పెడతాను. గొట్టాలు దిగిన చోట బోల్టు కన్నాలు కనపడతాయేమో జూమ్ చేసి చూద్దాం.


రిటైర్డ్ పీడబ్ల్యూఐ

బాబూ, తీస్తే పైనుంచి కాదు, పక్క నుంచి తియ్యి. దిమ్మను పట్టుకునే బోల్టులు రాతిలో పైన రెండు వరసల వరకే దిగాయట. ఆ రెండు వరసలూ కొన్ని చోట్ల ఊడి వచ్చాయని విన్నాను. అది చూడాలని ఉంది.